వదిలేయగా మిగిలిన వెలుగు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఒకే షరతు పెట్టారు. "పదో తరగతి పిల్లలకు అర్థం కావాలి, పెద్దలకు విసుగు పుట్టకూడదు" అన్నారు. నా వృత్తి బీమ్‌లైన్ ఆప్టిక్స్. సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రంలో పుట్టిన ఎక్స్ కిరణాలను, పరీక్షించాల్సిన వస్తువు దాకా నడిపించే అద్దాలు, స్ఫటికాలు, చీలికలు అమర్చే పని. దీనికి పునాది మనం ఈ బడిలో చదువుకున్న పరావర్తనం, వక్రీభవనం పాఠాలే. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. వెలుగు ఎంత ఎక్కువుంటే అంత బాగా కనిపిస్తుందని మనందరి నమ్మకం. నా పనిలో అది సగమే నిజం. మొదట చాలా వెలుగు పుట్టించాలి. తరువాత దాంట్లో దాదాపు అంతటినీ వదిలేయాలి. ఏది వదిలేయాలో తెలిస్తేనే మిగిలిన కాస్త వెలుగూ నమ్మదగిన సాక్ష్యం చెబుతుంది.

ఒక బియ్యపు గింజను తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో చాలా చోట్ల భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ ఉంది. ఆ నీటితో పండించిన వరి దాన్ని పీల్చుకుంటుంది. గింజను యాసిడ్‌లో కరిగించి చూస్తే మొత్తం ఆర్సెనిక్ ఎంతో తెలుస్తుంది. కానీ అసలు ప్రశ్నలు వేరు. ఆ ఆర్సెనిక్ ఏ రూపంలో ఉంది? ఆర్సెనైట్ రూపమా, ఆర్సెనేట్ రూపమా, కర్బనంతో కలిసిన రూపమా? వీటిలో ఆర్సెనైట్ ఎక్కువ విషపూరితం. కర్బన రూపాల్లో కొన్ని అంత ప్రమాదం కావు. ఇంకో ప్రశ్న, అది గింజలో ఎక్కడుంది? తవుడు పొరలో ఉంటే పాలిష్ పట్టినప్పుడు చాలావరకు పోతుంది. లోపల ఉంటే అన్నంతోపాటు మన కంచంలోకి వస్తుంది. గింజను కరిగించకుండా ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగేది సన్నని, శుద్ధమైన ఎక్స్ కిరణం.

ఆర్సెనిక్ పరమాణువు మీద ఎక్స్ కిరణాల శక్తిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, సుమారు 11,867 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అది ఒక్కసారిగా ఎక్కువ కిరణాలను మింగడం మొదలుపెడుతుంది. ఆ మెట్టు కచ్చితంగా ఎక్కడ వస్తుందనేది దాని రసాయన రూపాన్ని బట్టి కొంచెం జరుగుతుంది. ఆర్సెనైట్‌కూ ఆర్సెనేట్‌కూ మధ్య తేడా సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే మూడు వేలలో ఒక పాలు. విషం ఎంత తీవ్రమో తేల్చే సమాచారం ఆ మూడు వేలలో ఒక పాలులో దాగి ఉంది. బీమ్‌లైన్‌లోని ప్రతి పరికరమూ ఆ తేడాను కాపాడటానికే ఉంది.

ముందు వెలుగు ఎలా పుడుతుందో చూద్దాం. వానాకాలంలో ఎడ్లబండి వేగంగా పోతుంటే చక్రానికి అంటిన బురద వెనక్కీ ముందుకీ చిమ్ముతుంది కదా. చక్రం గుండ్రంగా తిరుగుతున్నా, బురద ముద్ద మాత్రం స్పర్శరేఖ దారిలో తిన్నగా పోతుంది. సింక్రోట్రాన్‌లో దాదాపు కాంతి వేగంతో పోయే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలు వంపు తిప్పుతాయి. వంగిన ప్రతిచోటా అవి స్పర్శరేఖ దారిలో వెలుగు చిమ్ముతాయి. ఈ వెలుగును మొదటిసారి కళ్లతో చూసింది 1947లో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో. మన దేశంలో దీనికోసం మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో, రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో ఇండస్-1, ఇండస్-2 అని రెండు వలయాలున్నాయి. ఇండస్-2 చుట్టుకొలత సుమారు 172 మీటర్లు. దాంట్లో ఎలక్ట్రాన్ల శక్తి 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. 2005 డిసెంబరులో దాని నుంచి తొలి వెలుగు వచ్చింది.

ఆ వలయం నుంచి స్పర్శరేఖల వెంట బయటికి వచ్చే ఉక్కు గొట్టాల వరుసలే బీమ్‌లైన్లు. గొట్టంలోకి వచ్చే వెలుగులో పరారుణ కాంతి నుంచి తీవ్రమైన ఎక్స్ కిరణాల దాకా అన్నీ కలగలిసి ఉంటాయి. బురద చక్రం పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే ఈ వెలుగు చెల్లాచెదురు కాదు. ఇండస్-2 నుంచి 20 మీటర్ల దూరం వచ్చాక కూడా ఎక్స్ కిరణాల పట్టీ ఎత్తు కొన్ని మిల్లీమీటర్లే. అందుకే దాన్ని అద్దాలతో, స్ఫటికాలతో పట్టుకోగలుగుతున్నాం.

దారిలో మొదట ఎదురయ్యేది బెరీలియం కిటికీ. ఎలక్ట్రాన్లు తిరిగే వలయంలో పీడనం మామూలు గాలి పీడనంలో లక్ష కోట్లవ వంతు స్థాయిలో ఉంటుంది. ఇవతల బీమ్‌లైన్‌లో ఎక్కడైనా గాలి చొరబడితే అది వలయం దాకా పోకూడదు. కానీ వెలుగు మాత్రం రావాలి. బెరీలియం పరమాణువులో నాలుగే ఎలక్ట్రాన్లు. కాబట్టి మిల్లీమీటరులో కొద్ది వంతు మందం ఉన్న ఆ రేకు గుండా ఎక్స్ కిరణాలు దాదాపు అడ్డు లేకుండా దాటిపోతాయి. మనకు పనికిరాని తక్కువ శక్తి కిరణాలు అక్కడే ఆగిపోతాయి. వెలుగును వదిలేసే తొలి మెట్టు ఇదే.

తరువాత చీలికలు, మా వాడుకలో స్లిట్లు. టంగ్‌స్టన్, టాంటలం లాంటి బరువైన లోహాల పలకలు నాలుగు, పైనా కిందా ఎడమా కుడీ, మోటార్లతో కదులుతుంటాయి. కిరణపు పట్టీలో అంచులు కోసేసి నడిమి భాగాన్ని మాత్రం లోపలికి రానిస్తాయి. చల్లార్చడానికి వీటి వెనక నీళ్లు పారుతుంటాయి. ఇంతోటి పలకలకు నీళ్లెందుకంటారా? రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం మన ఊరి ఎండ చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు. కొత్త తరం సింక్రోట్రాన్లలో అండ్యులేటర్ అనే అయస్కాంతాల వరుస నుంచి వచ్చే కిరణం చదరపు మిల్లీమీటరుకే 100 వాట్లు దాటుతుంది. అంటే ఆ ఎండకు లక్ష రెట్లు. దాని ముందు పలకైనా అద్దమైనా, చల్లార్చకపోతే నిలవదు.

ఇప్పుడు అద్దం దగ్గరికి వద్దాం. 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్న రాంట్‌జెన్ వాటిని కటకంతో ఒకచోటికి చేర్చాలని చూశాడు. సాధ్యపడలేదు. మామూలు అద్దం మీద ఎక్స్ కిరణం పడితే వెనక్కి తిరగదు, లోపలికి దూసుకుపోతుంది. మరి అద్దమెలా? చిన్నప్పుడు చెరువు గట్టున నిలబడి పెంకు విసిరేవాళ్లం. నిలువుగా వేస్తే బుడుంగున మునిగిపోయేది. నీటికి దాదాపు సమాంతరంగా విసిరితే కప్పగంతులు వేస్తూ పోయేది. ఎక్స్ కిరణాన్ని కూడా అంత ఏటవాలుగానే అద్దానికి తాకించాలి. కారణం మాత్రం మన పాఠంలోనే ఉంది. గాజులోంచి గాలిలోకి పోయే కాంతికి సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుందని చదివాం. ఎక్స్ కిరణాలకు ఏ పదార్థంలోనైనా వక్రీభవన గుణకం ఒకటి కంటే ఓ పిసరు తక్కువ. కాబట్టి వాటికి గాలి లేదా శూన్యమే సాంద్రతర యానకం. అద్దం బయటే సంపూర్ణ పరావర్తనం జరుగుతుంది.

ఆ కోణం ఎంత చిన్నదో చెబుతాను. మేము తరచుగా వాడేది 3 మిల్లీరేడియన్లు, అంటే డిగ్రీలో ఆరో వంతు. ఇంత ఏటవాలుగా పడితే 3 మిల్లీమీటర్ల ఎత్తున్న కిరణం అద్దం మీద మీటరు పొడవునా పరుచుకుంటుంది. అందుకే మా అద్దాలు బల్లపరుపు దూలాల్లా పొడవుగా ఉంటాయి. సిలికాన్ దిమ్మెను నునుపు చేసి, పైన రోడియం గానీ ప్లాటినం గానీ పల్చటి పూత వేస్తారు. ఆ నునుపుదనం పరమాణువుల లెక్కలో ఉంటుంది. ఉపరితలం మీద ఎగుడుదిగుళ్లు సెంటీమీటరులో పది కోట్లవ వంతుకు కొన్ని రెట్లు మించకూడదు. ఏటవాలులో తేడా ఒక మైక్రోరేడియన్ లోపల ఉండాలి. కిలోమీటరు పొడవు రోడ్డు వేసి, ఆ చివర ఈ చివరకంటే ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవకూడదన్నట్టు. తేడా వస్తే ఏమవుతుంది? ఒక మైక్రోరేడియన్ తప్పుకు కిరణం రెండు మైక్రోరేడియన్లు పక్కకు పోతుంది. 10 మీటర్లు నడిచేసరికి అది 20 మైక్రాన్ల తేడా. తవుడు పొర మందాన్ని మైక్రాన్లలోనే కొలుస్తామని గుర్తుంచుకోండి. తవుడులో ఉన్న విషాన్ని మనం గింజ లోపల చూపిస్తామన్నమాట.

ఈ అద్దం ఇంకో పని కూడా చేస్తుంది. 3 మిల్లీరేడియన్ల కోణంలో రోడియం పూత సుమారు 22 వేల ఎలక్ట్రాన్ వోల్టుల దాకానే కిరణాలను తిప్పుతుంది. అంతకు మించిన శక్తి ఉన్నవి అద్దంలో ఇంకిపోతాయి. ఇది ఎందుకు ముఖ్యమో స్ఫటికం గురించి చెప్పాక తెలుస్తుంది.

స్ఫటికాల జంట బీమ్‌లైన్‌కు గుండెకాయ. దీన్ని మోనోక్రోమేటర్ అంటాం. అన్ని రంగులూ కలిసిన వెలుగులోంచి ఒక్క రంగును ఏరేది ఇదే. బస్సులో పోతూ నాట్లు వేసిన పొలం వైపు చూడండి. కొన్ని కోణాల్లో చూసినప్పుడు వరి మొక్కలన్నీ చక్కగా సాళ్లు కట్టినట్టు కనిపిస్తాయి, మరుక్షణం చెదిరిపోతాయి. సిలికాన్ స్ఫటికంలో పరమాణువులు అలాగే సాళ్లు తీరి ఉంటాయి. 1912లో లావే స్ఫటికాల్లో ఎక్స్ కిరణాల వివర్తనాన్ని చూపించాడు. ఆ తరువాత బ్రాగ్ తండ్రీకొడుకులు దాన్ని సూత్రంగా మలిచి 1915లో నోబెల్ బహుమతి పొందారు. స్ఫటికాన్ని ఒక కోణంలో నిలబెడితే ఆ కోణానికి సరిపోయిన తరంగదైర్ఘ్యం ఒక్కటే తిరిగి వస్తుంది. ఆర్సెనిక్‌కు కావలసిన 11,867 ఎలక్ట్రాన్ వోల్టులకు మేము వాడే సిలికాన్ స్ఫటికాన్ని సుమారు 9.6 డిగ్రీల కోణంలో నిలబెట్టాలి. ఆర్సెనైట్‌ను ఆర్సెనేట్ నుంచి విడదీసే ఆ 4 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాకు స్ఫటికాన్ని తిప్పాల్సింది డిగ్రీలో 300వ వంతు.

మొదటి స్ఫటికం మీద పడిన వెలుగులో అది తిప్పి పంపేది పదివేల పాళ్లలో ఒకటి రెండు పాళ్లే. మిగతా ఎక్స్ కిరణాలు వేడిగా మారి స్ఫటికంలోనే దిగిపోతాయి. వేడెక్కిన చోట సిలికాన్ ఉబ్బుతుంది, సాళ్లు వంకర తిరుగుతాయి. అప్పుడు ఒక్క రంగు బదులు పక్క రంగులు కూడా వస్తాయి, 4 ఎలక్ట్రాన్ వోల్టుల మెట్టు మసకబారుతుంది. దీనికి ప్రకృతే ఒక దారి చూపించింది. సుమారు మైనస్ 148 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలికాన్ వేడికి వ్యాకోచించడం మానేస్తుంది. అంతకంటే చల్లబడితే వేడి తగిలినప్పుడు కాస్త ముడుచుకుంటుంది కూడా. పైగా ఆ చలిలో అది వేడిని ఎంతో బాగా ప్రవహింపజేస్తుంది. అందుకని తీవ్రమైన కిరణాలున్న చోట్ల స్ఫటికాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. నిప్పుల కొలిమిలాంటి కిరణాన్ని మంచుకంటే చల్లని స్ఫటికం మీద పడనివ్వడం మా రోజువారీ పని.

రెండో స్ఫటికం మొదటిదానికి సమాంతరంగా ఉండి, ఏరిన కిరణాన్ని మళ్లీ పాత దిశలోకే మళ్లిస్తుంది. అది కొద్ది మైక్రోరేడియన్లు పక్కకు వాలినా వెలుగు తగ్గిపోతుంది. ఒక చిక్కు కూడా ఉంది. 9.6 డిగ్రీల దగ్గర స్ఫటికం 11,867తోపాటు దానికి సరిగ్గా మూడు రెట్లు, అంటే 35 వేలు దాటిన శక్తి ఉన్న కిరణాన్ని కూడా తిప్పి పంపుతుంది. పిలవని పేరంటానికి వచ్చిన ఈ కిరణం నమూనాను సులువుగా దాటి డిటెక్టరులో లెక్కకు వస్తుంది. ఆర్సెనిక్ మింగినదాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. గ్రాఫు చూడటానికి అందంగానే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు. ఇందాక చెప్పిన రోడియం అద్దం 22 వేల పైన ఉన్నవాటిని మింగేస్తుందని అన్నాను కదా, ఆ పేరంటాన్ని ఆపేది అదే.

చివర్లో కిరణాన్ని సూదిమొనగా మార్చాలి. 1948లో కిర్క్‌పాట్రిక్, బేజ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రెండు వంపు అద్దాలను ఒకదాని తరువాత ఒకటి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి ఎక్స్ కిరణాలను ఒకచోటికి చేర్చే పద్ధతి చూపించారు. ఆ బేజ్ ప్రసిద్ధ గాయని జోన్ బేజ్ తండ్రి. ఇప్పటికీ మైక్రాన్ల సైజు చుక్క కావాలంటే ఎక్కువగా వాడేది వాళ్ల జంట అద్దాలనే. రాంట్‌జెన్ వల్ల కాని కటకం కూడా 1996లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో సాధ్యమైంది. వక్రీభవన గుణకం ఒకటి కంటే తక్కువ కాబట్టి అక్కడ కేంద్రీకరించే కటకం పుటాకారంగా ఉంటుంది. పైగా ఒక్క కటకం వంపు చాలదు, వరసగా చాలా కావాలి. పిల్లలూ, మీ పుస్తకంలో కుంభాకార కటకం కేంద్రీకరిస్తుందని ఉంది. అది కంటికి కనిపించే కాంతికి నిజం. నియమం ఒకటే, గుణకం మారింది, అంతే.

ఈ సూదిమొనను గింజ మీద గళ్లుగళ్లుగా నడిపిస్తే ఏ గడిలో ఏ రూపం ఆర్సెనిక్ ఉందో పటం వస్తుంది. ఇలాంటి కొలతల వల్లే విషపూరితమైన రూపాలు తవుడు వైపు ఎక్కువ చేరతాయని తెలిసింది. ముడి బియ్యం, పాలిష్ బియ్యం ఏది తినాలన్న చర్చలో నేల గురించీ నీటి గురించీ కూడా మాట్లాడాలని ఈ పటాలు నేర్పాయి. ఇదే దారిలో నడిచిన వెలుగే రైబోజోమ్ నిర్మాణాన్ని బయటపెట్టింది. దానికి 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనాథ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అనేక యాంటీబయాటిక్ మందులు పనిచేసేది ఆ రైబోజోమ్ మీదే.

పరిశోధనా పత్రంలో ఫలితం గురించి పది పేజీలు ఉంటాయి, అద్దం గురించి ఒక వాక్యం ఉంటుంది. దానికి నాకు బాధ లేదు. కానీ ఆ ఒక వాక్యం తప్పయితే పది పేజీలూ తప్పే. పాలకులు, వైద్యులు, రైతులు ఆ పేజీలను నమ్మి నిర్ణయాలు తీసుకుంటారు. అందుకే ఈ పని చేసేవాళ్లు చాలామంది కావాలి, మన పిల్లల్లోంచి రావాలి.

దీనికి డాక్టరేట్లు మాత్రమే చాలవు. వ్యాక్యూమ్ గొట్టాల్లో లీకు పట్టుకునే ఫిట్టరు కావాలి. నీళ్ల చిల్లరు చూసుకునే డిప్లొమా కుర్రాడు కావాలి. వేల మీటల మోటార్లను కదిలించే ప్రోగ్రాము రాసే అమ్మాయి కావాలి. సీసపు గదిలో మనిషెవరూ లేరని చూసుకున్నాకే కిరణం తెరుచుకునేలా తాళాల వ్యవస్థ అమర్చే ఎలక్ట్రీషియన్ కావాలి. నేను పని నేర్చుకున్నది సగం పుస్తకాల్లో, సగం ఇలాంటివాళ్ల దగ్గర. ఇండస్-2లో మన విశ్వవిద్యాలయాల పరిశోధకులు దరఖాస్తు పెట్టుకుని ప్రయోగాలు చేస్తున్నారు. జపాన్‌లోని సుకుబాలో ఇండియన్ బీమ్‌లైన్ పేరుతో మన దేశం ఒక దారి నడిపింది. అయితే అత్యుత్తమ అద్దాల కోసం ఇప్పటికీ ఒసాకా విశ్వవిద్యాలయంలో పుట్టిన నునుపు పద్ధతుల వైపే ప్రపంచం చూస్తోంది. నీళ్లలో కలిపిన సన్నని పొడిని ప్రవహింపజేసి పరమాణువులను కొద్దికొద్దిగా తొలగించే ఆ విద్య ఓపిక ఉన్న ఏ దేశమైనా నేర్చుకోవచ్చు.

సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలోంచి మన బడి సైన్సు గదికి కొన్ని పట్టకాలు, కటకాలు కొనివ్వండి. చీలిక మాత్రం కొనకండి, పిల్లలే చేయాలి. ఒక అట్టకు రంధ్రం చేసి, రెండు పాత బ్లేడ్లను ఎదురెదురుగా, మాస్టారి పర్యవేక్షణలో అంటిస్తే చాలు. చీకటి గదిలో టార్చి వెలుగును ఆ చీలిక గుండా పట్టకం మీద పడనివ్వండి. చీలిక వెడల్పుగా ఉంటే గోడ మీద వెలుగు ఎక్కువ, రంగులు ఒకదాని మీద ఒకటి పడి తెల్లగా కలిసిపోతాయి. బ్లేడ్లను దగ్గరికి జరుపుతూ పోతే వెలుగు తగ్గుతుంది, రంగులు విడివడతాయి. ఎక్కడ ఆపాలన్నది పిల్లలే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గరికి జరిపితే ఏమీ కనిపించదు, మరీ వదిలేస్తే ఏమీ తెలియదు. కోట్ల రూపాయల బీమ్‌లైన్ దగ్గర మేము రోజూ తీసుకునే నిర్ణయం కూడా అదే.

 సభ ముగిశాక పిల్లలు ఎవరైనా ప్రశ్నలతో వస్తే భోజనాల వరుస దగ్గరే ఉంటాను.